లిన్ చదివిన పళ్ళేలు

పదకొండూ నలభైకి క్యాంటీన్ పాత్రల గదిలో బెల్టు కదిలింది. రబ్బరు పట్టీల తెర తోసుకుని మొదటి ట్రే లోపలికి వచ్చేసరికి కమల చేతులు మోచేతుల దాకా గ్లవ్స్‌లో ఉన్నాయి. మనసు మాత్రం ఏప్రన్ జేబులోని ఫోను దగ్గర ఉంది. పొద్దున ఈషా ముక్కు కారుతుంటే తుడిచి, నుదురు ముట్టుకుని చూసి, మెట్లు దిగాక మళ్ళీ ముట్టుకుని చూసి, కీటాలో, అంటే చిన్నపిల్లల బడిలో, టీచరమ్మకి అప్పజెప్పి వచ్చింది. పిల్లకి నాలుగేళ్ళు. ఒళ్ళు వేడెక్కితే కీటా వాళ్ళు ఫోన్ చేస్తారు. చేస్తే ఎక్కడి పని అక్కడే వదిలి పరుగెత్తాలి.

"మగవాడు," అంది లిన్, ట్రే అందుకుంటూ.

లిన్ ఎప్పుడూ బెల్టుకి ముందు వైపే నిలబడేది. ట్రే మీద మిగిలినది ఊడ్చి డబ్బాలో వేయడం, స్ప్రింగుకి వేలాడే పైపుతో నీళ్ళు కొట్టడం ఆమె వంతు. పళ్ళేలు అరల్లో సర్ది, ఆవిరి కక్కే పొడవాటి యంత్రంలోకి తోయడం కమల వంతు. లిన్‌కి అరవై నాలుగేళ్ళు. మనిషి కమల భుజం దాకా వస్తుంది. మణికట్ల దగ్గర చొక్కా చేతులు జారకుండా రెండు రబ్బరుబ్యాండ్లు, నెరిసిన జుత్తుకి రెండు ఇనప పిన్నులు, కుడిచేతికి గ్లవ్ ఉండదు. ఆ చేతి వేళ్ళు ఎల్లకాలం నీళ్ళలో నాని, ఉడికిన పల్లీల తొక్కలా ముడుతలు పడి ఉండేవి.

"ఎట్లా చెప్తున్నవ్ లినమ్మా, మగవాడని?"

"మాంసం చూడు. తినకముందే మొత్తం ముక్కలు చేశాడు. అన్నీ ఒకే కొలత. కోసేసరికి ఆకలి చచ్చిపోయింది. సగం వదిలేశాడు. వీడు పెళ్ళి చేసుకుందామా వద్దా అని పదేళ్ళు ఆలోచిస్తాడు. ఆ పిల్ల వేరేవాణ్ణి చూసుకుంటుంది."

ఇద్దరూ మాట్లాడుకునేది జర్మనే. లిన్ జర్మను ఒక చోట కుంటేది, కమల జర్మను ఇంకో చోట కుంటేది. ఇద్దరూ ఒకే చోట కుంటేవారు కాదు గనక మాట నడిచిపోయేది.

లిన్ ఖాళీ ఆవాల ముద్ద సీసాలోంచి కుంచె తీసింది. వెదురు పిడి, బొటనవేలంత లావు జుత్తు. నీళ్ళలో ముంచి, యంత్రం వేడెక్కిన స్టీలు మూత మీద పైనుంచి కిందికి నాలుగు అక్షరాలు రాసింది. రాయడం ఒక్క ఊపిరిలో అయిపోయింది. మొదటి అక్షరం ఆరిపోతుంటే నాలుగోది తళతళలాడుతోంది. కమల మనసులో పదిహేను దాకా లెక్కపెట్టేసరికి మూత మీద ఏమీ లేదు.

వాళ్ళ చైనా భాషలో మనుషుల గుణాలని నాలుగేసి అక్షరాల్లో బిగించి చెప్పే మాటలు వేలకు వేలున్నాయట. ఒక్కోదాని వెనక ఒక్కో పాత కథ ఉంటుందట. ఆ కథలో తప్పకుండా ఎవడో ఒక తెలివితక్కువ మగవాడు ఉంటాడట. చిన్నప్పుడు వాటిని బడిలో కంఠతా పెట్టించేవారని, పెద్దయ్యాక తనే పిల్లలకి కంఠతా పెట్టించానని లిన్ చెప్పింది. ఏదో నది ఒడ్డు ఊళ్ళో ఆమె చేతిరాత నేర్పే టీచరు. మొగుడు మ్యూనిక్ దగ్గర ఒక చైనా హోటల్లో వంటవాడిగా కుదిరితే వెంట వచ్చింది. అది ముప్ఫై ఒక్కేళ్ళ కిందటి మాట. మ్యూనిక్ శివారు ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఈ ఆఫీసు భవనం కింద క్యాంటీన్ పెట్టినప్పటి నుంచి, అంటే పంతొమ్మిదేళ్ళుగా, ఈ బెల్టు దగ్గరే ఉంది. మొహాలు కనబడని చోట ఆమెకి మనుషులు పళ్ళేలుగానే తెలుసు.

రెండో ట్రే. పుడ్డింగు కప్పులు రెండు, ఒకదాన్లో ఒకటి దూర్చి, పైన టీ సంచీ పడేసి ఉన్నాయి.

"డాక్టరు వద్దన్నాడు. లేకపోతే పెళ్ళాం వద్దంది," అంది లిన్. "దాచిపెట్టింది ఎవరి నుంచో చూడు. మన నుంచి! కడిగేవాళ్ళ నుంచి దాచుకునేవాణ్ణి ఏమనాలి?" మళ్ళీ నాలుగు అక్షరాలు. మళ్ళీ ఆరిపోయాయి.

"ఆడవాళ్ళవి చదవవా?"

"ఆడవాళ్ళు ఎవరో చూస్తున్నట్టు తింటారు. అందులో చదవడానికి ఏముంటుంది."

"మరి మీ ఆయనది?"

"ఆయన వంటవాడు. ఇంట్లో ఎప్పుడూ తినలేదు. పళ్ళెం చూడనిదే మనిషిని ఎట్లా చెప్పను?" అంది లిన్. నవ్విందో లేదో ఆవిరిలో కనబడలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

కమలకి అక్షరాలంటే ఆకలి. జగిత్యాలలో ఇంటర్ రెండో ఏడు, పరీక్షలు నలభై రోజులుందనగా పెళ్ళయింది. 'అక్కడికి పోయి చదువుకుంటది తీయ్' అన్నారు అందరూ. అక్కడ అంటే ఇక్కడ. ఇక్కడికి వచ్చాక ఈషా కడుపులో పడింది, ఆ తర్వాత కమల పుస్తకం తెరిచింది పిల్లకి బొమ్మలు చూపించడానికే. అందుకే లిన్ రాసే నాలుగు అక్షరాలు ఆరిపోతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి అవి ఆరేలోపు ఫోన్లో ఫొటో తీసుకుంది. ఇంటికి వెళ్ళి ఈషా స్కెచ్ పెన్నుతో పెద్ద కాగితం మీద గీత గీతా చూసుకుంటూ దించి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. మొగుడు విశ్వతేజకి ఎంత నచ్చిందంటే, ఇంటికి ఎవరొచ్చినా దాని ముందు నిలబెట్టి "ఇది చైనా వాళ్ళ ఆశీర్వాదం, ఇంట్ల ఉంటే మస్తు మంచిదట" అని చెప్పేవాడు. నెల్లాళ్ళ తర్వాత ఆ ఫ్రేము ఫొటో చూసి లిన్ నవ్వాపుకోలేక సీసాల పెట్టె మీద కూలబడిపోయింది. అది గొప్పలు చెప్పుకునే మగవాడి గురించట. కమల ఆ సంగతి విశ్వతేజకి ఈరోజు వరకూ చెప్పలేదు. చుట్టాలొచ్చి అతను ఫ్రేము ముందు నిలబడినప్పుడల్లా, చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

"రెండింటికి," అంది గుమ్మం దగ్గర ఫ్రావ్ ఎబర్ల్. క్యాంటీన్ మేనేజర్ ఆమే. పొద్దున ఒకసారి చెప్పింది, ఇప్పుడు రెండు వేళ్ళు ఎత్తి చూపించి గుర్తు చేసింది.

కమల తల ఊపింది.

సంగతేమిటంటే, వచ్చే నెల కొత్త యంత్రం వస్తోంది. దానికి ఒక్క మనిషి చాలు, ఆ మనిషిని బయటి ఏజెన్సీ పంపుతుంది. కమల కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. అయితే ముందు కౌంటర్లో వడ్డించే చోటు ఒకటి ఖాళీ అయింది. పర్మనెంటు. పొద్దున ఏడు నుంచి రెండున్నర దాకా, కీటా వేళలకి కుట్టించినట్టు సరిపోతుంది. ఒప్పుకుంటే సోమవారం నుంచి. లేకపోతే ఈ నెలతో సరి. రెండింటికల్లా చెప్పాలి, మూడింటికి ఇంకొకావిడ ఇంటర్వ్యూకి వస్తోంది.

ఊరికే ఒప్పుకునే మాటే. కానీ జనవరిలో విశ్వతేజ ఆఫీసు ఇదే భవనం మూడో అంతస్తుకి మారింది. అతని టీములో మనవాళ్ళు నలుగురున్నారు. కమల ఏదో కోర్సు చేస్తోందని వాళ్ళకి చెప్పాడు.

పొద్దున బూట్లు వేసుకుంటూ అన్నాడు: "పాత్రలకాడ అంటే ఎవలకు గనవడవు. ముందల నిలవడితే సాయికృష్ణ వాళ్ళు రోజూ వస్తరు. గరిట వట్టుకోని వాళ్ళకు వడ్డిస్తవా?"

"వడ్డిస్తే ఏమైతది?"

"ఏం గాదు. నువ్వు కోర్సు జేస్తున్నవని చెప్పిన."

"చేస్తలేను గద."

"అదే నేననేది," అన్నాడు. లేసులు కట్టుకోవడం అయిపోయినా వంగినవాడు వెంటనే లేవలేదు. తర్వాత, "పొడి కట్టినవా?" అని అడిగాడు. "చిన్నగ కట్టు. అరచేతుల పట్టాలె. వాసన రావద్దు."

కమల పల్లి పొడిని ఫాయిల్లో వేసి, మడిచి, ఇంకా మడిచి, అగ్గిపెట్టె కన్నా చిన్నది చేసింది. ఊడిపోకుండా ఈషా తన పిల్లిబొమ్మ స్టిక్కరు ఒకటి అంటించింది. ఆ పిల్లకి ఇంట్లో ఏ ఫాయిలు కనబడినా పిల్లిబొమ్మ అంటించాల్సిందే. కమల రొట్టెల పొట్లానికీ రోజూ ఒక పిల్లి ఉంటుంది.

పన్నెండున్నరకి బెల్టు నిండా ట్రేలు. చెంచాల తొట్టి నిండిపోయింది. ఇద్దరికీ మాట్లాడే తీరిక లేదు. నీళ్ళ చప్పుడు, పళ్ళేల చప్పుడు, యంత్రం గురగుర. ఒక అర నింపి తోసి, కమల మెడ మీది చెమట భుజానికి తుడుచుకుంటుంటే లిన్ చెయ్యి ఆగింది.

"ఇది చూడు," అంది.

ట్రే మీద పళ్ళేన్ని న్యాప్‌కిన్ పూర్తిగా కప్పేసి ఉంది. అది ఎగిరిపోకుండా పైన గ్లాసు బోర్లించి పెట్టారు. లిన్ గ్లాసు తీసి, న్యాప్‌కిన్ కొస పట్టుకుని ఎత్తింది. కూరగాయల సాసు అంతా మిగిలిపోయింది. క్యారెట్ ముక్కలు అంచు చుట్టూ వరసగా పేర్చి ఉన్నాయి. అన్నం మాత్రం మెతుకు లేదు. పళ్ళెం కింద, ఇంకో న్యాప్‌కిన్లో చుట్టి, విప్పిన ఫాయిలు ఒకటి. దాని మడతల్లో ఎర్రటి నూనె మరక కూడా మిగల్లేదు. వేలితో తుడుచుకుని తిన్నట్టుంది. ఒక మూల పిల్లిబొమ్మ.

కమల చేతిలోని అర కింద పెట్టేసింది. వెల్లుల్లి, వేయించిన పల్లీ వాసన ఆ ఆవిరిలో ఒక్క క్షణం లేచి పోయింది.

లిన్ ఆమె వైపు చూడలేదు. కుంచె ముంచి, ఇంతకు ముందెప్పుడూ లేనంత నెమ్మదిగా రాసింది. నాలుగో అక్షరం అయ్యేటప్పటికి మొదటిది పోయింది.

"ఇదేంది లినమ్మా?"

"ఇష్టమైనదాన్ని దాచుకుని తినేవాడు."

"చెడ్డవాడా?"

"చెడ్డవాడు ఇంత శుభ్రంగా నాకడు. భయస్తుడు. దీన్ని తిని సంతోషపడ్డాడు. పక్కవాళ్ళ ముక్కులకి భయపడ్డాడు." లిన్ ఫాయిలుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మడతల గీతలు వేలితో ఒక్కొక్కటే తడిమింది. "ఎన్ని మడతలు! ఇంత పొడిని ఇంత చిన్నగా కట్టినావిడ ఎవరో, ఆవిడా భయస్తురాలే. అతను దాస్తున్నాడు. ఆవిడ చిన్నగా కట్టి ఇస్తోంది."

బెల్టు మీద ట్రేలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. లిన్ ఫాయిలుని పక్కన పెట్టింది. దాన్ని ఏ చెత్తడబ్బాలో వేయాలో ఆమెకి బాగా తెలుసు, తర్వాత వేస్తుందిలే అనుకుంది కమల. ఆ తర్వాత ఎన్ని అరలు తోసిందో ఆమెకి గుర్తులేదు. 'ఆవిడా భయస్తురాలే' అన్న మాట పైపు కింద, పళ్ళేల మీద, గ్లవ్స్ లోపల కూడా వినబడుతూనే ఉంది. రోజూ పొద్దున పొట్లాన్ని ఇంకో మడత వేసింది తన వేళ్ళే కదా. రబ్బరు పట్టీల తెరకి ఇవతల, ఎవరి మొహం కనబడకుండా, తన మొహం ఎవరికీ కనబడకుండా నిలబడితే హాయిగా ఉందని ఏడాదిగా అనుకుంటున్నది తనే కదా. విశ్వతేజ వద్దన్నాడని చెప్పుకుంటోంది. అతను వద్దనకపోతే తను వెళ్ళేదా?

ఒంటిగంటా పావుకి బెల్టు ఖాళీ అయింది. ఇద్దరూ పెట్టెల మీద కూర్చున్నారు. లిన్ డబ్బాలో చల్లారిన అన్నం, ఉడికిన గుడ్డు. కమల పొట్లం విప్పి రెండో రొట్టె ఆమెకి ఇచ్చింది. లిన్ తీసుకుంది, పొట్లం మీది పిల్లిబొమ్మని చూసి, చూపు తన గుడ్డు మీదికి తిప్పుకుంది.

"ఎబర్ల్ అడిగింది తెలుసు," అంది లిన్. "నన్ను కూడా ఒకసారి ముందుకి రమ్మన్నారు. అప్పుడు నాకు నలభై తొమ్మిది."

"మరి పోలేదేం?"

"నాకు ఆవిరి పడుతుంది, ఇక్కడే బాగుంటుంది అని చెప్పా."

"నిజం చెప్పు లినమ్మా."

లిన్ గుడ్డుని రెండు ముక్కలు చేసి ఒక ముక్క రొట్టెలో పెట్టుకుంది. "మా ఊరివాళ్ళు ఎవరైనా పనిమీద ఇటొస్తారేమో, తినడానికి వస్తారేమో అనుకున్నా. టీచరమ్మ జర్మనీలో గరిటె పట్టుకుని నిలబడిందని ఊళ్ళో చెప్తారేమో అని."

"వచ్చిన్రా?"

"పంతొమ్మిదేళ్ళలో," అంది లిన్, నములుతూ, "ఒక్కడు కూడా రాలేదు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. కమల నవ్వు ముందు ఆగింది. లిన్ ఇంకా కొంచెంసేపు నవ్వి, రబ్బరుబ్యాండు పైకి జరిపి, మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

జేబులో ఫోను అదిరింది. కమల కీటా అనుకుని గాభరాగా తీసింది. విశ్వతేజ. 'పల్లి పొడి మస్తుంది. సోమవారం ఇంకింత ఎక్కువ కట్టు.'

రెండుసార్లు చదివింది. ఫోను జేబులో పెట్టి లేచింది. విప్పి పెట్టిన గ్లవ్స్ చేతిలోకి తీసుకుంది, ముడుతలు పడ్డ వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుంది, వలటోపీ సర్దుకుంది. ఇంకా రెండు కాలేదు.

"పోయిరా," అంది లిన్. "ఈ చెంచాలు నేను చూస్తా. గ్లవ్స్ ఇటు ఇయ్యి." అని గ్లవ్స్ తీసుకుని, కమల చేతిని ఒక క్షణం అలాగే పట్టుకుని వదిలింది. లిన్ చెయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉండేది, వేన్నీళ్ళ వల్ల.

ఫ్రావ్ ఎబర్ల్ గదిలో కమల రెండు ముక్కలే చెప్పింది: అవును, వస్తాను. ఎబర్ల్ ఆమెని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళి తెల్ల టోపీ ఇచ్చి, ఏ గరిటె ఏ తొట్టిలోదో, ఒక్కొక్కరికి ఎంత వడ్డించాలో చూపించింది. ఆలస్యంగా తినడానికి వచ్చిన ఒకాయన ట్రే పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆయనకి మొహం ఉంది! సన్నటి మీసం, కళ్ళద్దాల మీద వేలి మరక. ఏడాదిగా ఎంగిలి చూసిన కళ్ళకి అదో వింత. కమల బంగాళదుంపలు వడ్డించి, గరిటె అంచుతో సాసు జారకుండా ఆపింది. ఆయన "డాంకె" అని థాంక్స్ చెప్పాడు. అంతే. భూమి బద్దలు కాలేదు.

వెనక్కి వస్తూ నడవలో ఆగి ఫోను తీసింది. 'సోమవారం పొట్లం కట్టను. కౌంటర్ కాడికి రాండ్రి, నేనే ఏస్త. సాయికృష్ణ వాళ్ళను గూడ తీస్కరాండ్రి.' చెయ్యి వెనక్కి లాగుతున్నా పంపించేసింది. మెసేజి కింది గీతలు నీలం అయ్యాయి. అవతల రాస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి, పోయాయి. చాలాసేపటికి 'సరే' అని వచ్చింది. ఒక్క మాట. అది ఏ మొహంతో రాశాడో తెలుసుకుందామంటే ఫోన్లో పళ్ళెం కనబడదు.

పాత్రల గదిలో యంత్రం ఆగిపోయి ఉంది. నేల తుడిచి ఉంది. చెంచాలన్నీ తళతళలాడుతూ బుట్టల్లో ఉన్నాయి, పైపు కొక్కేనికి చుట్టి ఉంది. కమల గ్లవ్స్ ఉతికి, వేళ్ళు కిందికి వేలాడేలా ఆరేసి ఉన్నాయి.

"లినమ్మా, ఒప్పుకున్న!"

వెనక నుంచి వచ్చింది ఫ్రావ్ ఎబర్ల్, చేతిలో తెల్ల ఏప్రన్‌లు రెండు. "ఆవిడ రైలు అందుకోవాలని వెళ్ళిపోయిందే. నీకు చెప్పలేదా?" అని ఆశ్చర్యపోయింది. "ఈ రోజుతో ఆఖరు. హానోవర్‌లో కూతురు దగ్గరికి. పూలూ కేకూ ఏమీ వద్దంది. ముందే తెలిస్తే ఎవరూ సరిగ్గా పని చేయరంది. నీ పేరు నాకు చెప్పింది కూడా ఆవిడే, రెండు వారాల కిందట."

కమల గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై. స్టేషన్ పది నిమిషాల నడక. మూడింటికి ఈషా కీటా గేటు దగ్గర టోపీ పెట్టుకుని ఎదురు చూస్తుంటుంది. కమల ఒక అడుగు వేసి ఆగిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో లిన్ బీరువా తలుపు తెరిచి ఉంది. లోపల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. తాళంచెవి తాళంలోనే ఉంది. కమల తన బీరువా దగ్గరికి వెళ్ళింది. లోపల, చలికోటు జేబు ఎదురుగా, ఆవాల ముద్ద సీసా నిలబెట్టి ఉంది.

అందులో కుంచె. దాని తడిజుత్తు చెదరకుండా చుట్టూ ఒక ఫాయిలు చుట్టి ఉంది. ఫాయిలు మీది మడతలన్నీ గోటితో సాపు చేసి ఉన్నాయి. ఊడిపోకుండా పట్టుకుని ఉన్నది, ఒకసారి కడిగాక రంగు కొంచెం వెలసిన పిల్లిబొమ్మ.